ఎడంకాలికి పనిలేని బండి

ఇటు రాయ్‌గఢ్ నుంచి అటు కట్నీ దాకా, ఆటోమేటిక్ కారుని విప్పి, క్లచ్చూ గేర్లూ పెట్టి మళ్ళీ రోడ్డెక్కించగల మొనగాణ్ణి నేనొక్కణ్ణే. పేరు చిరంజీవి. రాసుకోండి.

రాసుకున్నారా? ఇప్పుడు కొట్టేయండి. మార్చింది ఒక్క కారే. అది కూడా మా బిలాస్‌పూర్‌లో, తోర్వా పేటలో షెడ్డున్న శంకరరావు మావ మార్చాడు. నేను పక్కన నిలబడి పానాలు అందించాను. పద్నాలుగు అడిగితే పదిహేడు అందించి తిట్లు తిన్నాను. నా అసలు ఉద్యోగం లోకో షెడ్డులో అప్రెంటిస్. అయినా ఆ సాయంత్రం సంగతి చెప్పాల్సింది నేనే. ఎందుకంటే కారు కింద గోతిలో ఉన్నది నేను. పైన సీట్లో ఉన్నదెవరో...

వరసగా చెప్తాను.

కారు మా తాతది. తాత పేరు సింహాచలం. బిలాస్‌పూర్ యార్డులో షంటింగ్ జమాదార్. ముప్పై ఏళ్ళ వయసులో, చలికాలం పొద్దున్నే, మంచులో రెండు వ్యాగన్లు కలుపుతుండగా ఎడంకాలు తొడ దాకా పోయింది. ఆ కాలిని తోటివాళ్ళు జెండా గుడ్డలో చుట్టి అర్పా నది ఒడ్డున పాతిపెట్టారు. రైల్వే వాళ్ళు ఆయనకి లాంపు రూములో లైట్ డ్యూటీ ఇచ్చారు. జైపూర్ వాళ్ళు చెక్కా తోలూ కలిపి ఒక కాలు ఇచ్చారు. మోకాలి దగ్గర ఇనప గొళ్ళెం. కూర్చునే ముందు దాన్ని ఊడదీస్తే 'టక్' అనేది. లేచి బిగిస్తే మళ్ళీ 'టక్'. తాత ఇంట్లో ఎక్కడున్నాడో ఆ చప్పుడే చెప్పేది.

కోర్బా గనుల్లో పనిచేసిన ఒక విదేశీ ఇంజనీరు ఊరు విడిచిపోతూ తన ఆకుపచ్చ అమెరికా కారు అమ్మకానికి పెట్టాడట. పడవంత కారు. ఎడంకాలితో తొక్కే క్లచ్చే లేదని విని అందరూ వెనక్కి తగ్గారు. ఆ ఒక్క మాట విని తాత ముందుకెళ్ళాడు. "దేవుడు నా ఎడంకాలు తీసుకున్నాడు, ఈ బండికి ఎడంకాలితో పనే లేదు. ఇద్దరికీ జాతకాలు కలిసాయిరా" అనేవాడు.

నాకు బండి నేర్పిందీ తాతే. పద్దెనిమిదో ఏట, రైల్వే గ్రౌండులో. మొదటి పాఠం ఒకటే. "ఎడంకాలు మడిచి సీటు మీద పెట్టు. కిందుంటే ఊరుకోదు, బ్రేకు తొక్కేస్తాది. దానికి డ్యూటీ లేదు." అలా గుడిలో కూర్చున్నట్టు ఒక కాలు మడిచి కారు తోలడం మా ఇంటి విద్య.

చెక్కకాలికి తాత పెట్టిన పేరు అసిస్టెంటు. డ్రైవరు పక్కన అసిస్టెంటు డ్రైవరు ఉంటాడు కదా, అలా. ఆ అసిస్టెంటుని దాచెయ్యడం చిన్నప్పటి నుంచీ నా వినోదం. తాత మధ్యాహ్నం దాన్ని విప్పి, మొండికి పౌడరు రాసుకుని, చుట్ట ముట్టించుకుని పడుకునేవాడు. లేచేసరికి కాలు ఉండేది కాదు.

"నా అసిస్టెంటు ఏడ్రా?"

"డ్యూటీకెళ్ళాడు తాతా."

"ఎక్కడి డ్యూటీ?"

"తిప్పితే చెప్తా."

కారులో మా తార్‌బహార్ పేట చుట్టూ ఒక తిప్పు. అదే నా రేటు. ఇరవై రెండేళ్ళొచ్చినా రేటు పెరగలేదు, ఆట ఆగలేదు. ఆయనకీ సరదాగానే ఉండేది. ఒట్టు.

పోయిన ఏడాది వినాయకుడి నవరాత్రుల్లో ఒక సాయంత్రం కూడా దాచాను. ఈసారి కొత్త చోటు... కారు డిక్కీలో పెట్టి తాళం వేశాను. అప్పటికి నెల రోజులుగా కారు గేర్ బాక్సు చచ్చిపోయి ఉంది. లివరు ఎక్కడ పెట్టినా ఇంజను అరిచేది కానీ చక్రం కదిలేది కాదు. అందుకే అక్కడ వెతకడని నా తెలివి. మామ్మా, అమ్మా తెలుగు సంఘం వాళ్ళ మంటపానికి భజనకి వెళ్ళారు. నాన్న గూడ్సు బండి మీద డ్యూటీలో ఉన్నాడు. నేను "అరగంటలో వస్తా" అని స్నేహితుల దగ్గరికి పోయి రెండు గంటలు కూర్చున్నాను.

తిరిగొస్తుంటే సందు మొదట్లోకే ఇంజను అరుపు వినిపించింది.

తాత డ్రైవరు సీట్లో ఉన్నాడు. తల స్టీరింగు మీద. కుడికాలు యాక్సిలరేటరు మీద బిగుసుకుపోయి ఉంది. బండి అంగుళం కదల్లేదు. వరండా నుంచి కారు దాకా బురదలో ఒక చార... మనిషి పాకిన చార. నేను చూస్తుండగానే వాన పెద్దదై ఆ చారని చెరిపేసింది. అది చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

గుండెపోటు అన్నారు డాక్టరుగారు. నొప్పి మొదలయ్యాక ఆసుపత్రికి పోదామనుకున్నాడేమో. పక్కింటి దాకా నడిచి వెళ్ళి ఉంటేనో అని ఎవరూ అడగలేదు.

తెల్లారి పాడె కడుతుంటే మా మామ్మ అప్పయమ్మ ఒకటే మాట పట్టుకుంది. "ఆ చెక్కకాలు కూడా ఆయన మీద పెట్టండి. అంత దూరం కుంటుకుంటూ ఎలా నడుస్తారు?" అందరూ వెతికారు. నేను కూడా వెతికాను. మంచం కిందకి వంగి చూశాను. బీరువా వెనక చెయ్యి పెట్టి తడిమాను. డిక్కీ తాళంచెవి నా జేబులోనే ఉంది.

తాతని ఒంటికాలితోనే పంపించాం.

ఏడాది గడిచింది. సంవత్సరీకం ముందు మామ్మ ఇంకో మాట పట్టుకుంది. "అర్పాకి నాను ఆయన బండిలోనే వస్తాను. ఆటోలో రాను." ఆ బండి టార్పాలిన్ కింద ఏడాదిగా కుళ్ళుతోంది. శంకరరావు మావ వచ్చి చూశాడు.

"ఆటోమేటిక్ బాక్సు పోయింది పిన్నీ. సామాను దొరకదు. తుక్కు దుకాణంలో నాలుగు గేర్ల బాక్సు చూసుంచాను. క్లచ్ పెట్టేద్దాం."

మామ్మ టార్పాలిన్ అంచు ఎత్తి లోపలికి చూసింది.

"క్లచ్చి పెడితే ఆయనెలా తోలతారు శంకరం?"

మావ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

మూడు వారాలు పట్టింది. మధ్యలో పొడుగ్గా ఉండే ప్రొపెల్లర్ షాఫ్టుని కోసి లేత్ మీద సరిచేయించాడు మావ. గేరు రాడ్డు కోసం కారు నేలకి కన్నం పెట్టాడు. బ్రేకు పెడలు రెండు పాదాలు పట్టేంత వెడల్పుండేది, దాన్ని సగానికి కోసి పక్కన కొత్తగా క్లచ్ పెడలు వేలాడదీశాడు. నల్ల రబ్బరు, ఇంకా ఎవరి పాదమూ తగల్లేదు. డ్యూటీ దిగగానే నేను షెడ్డుకి పోయి జోకులు సరఫరా చేసేవాణ్ణి. మావ అప్పుడప్పుడూ అడిగేవాడు.

"డిక్కీ తాళమేదిరా? వెనక దీపాల వైర్లు చూడాలి."

"పోయింది మావా."

"పోతే పగలగొడదాం."

"వద్దు మావా, పాత బండి, అందం చెడిపోతుంది. దీపాలు వెలుగుతున్నాయి కదా!"

"అచ్ఛా, ఇప్పుడు నీకు అందాలు కూడానా?"

సంవత్సరీకానికి ముందురోజు సాయంత్రం. ఒక్క పని మిగిలింది. క్లచ్ ఆయిలు పైపులోంచి గాలి తీయాలి. ఇది ఇద్దరు మనుషుల పని. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కి పట్టుకోవాలి, ఒకరు కిందనుంచి చిన్న నట్టు వదులు చేసి బుడగలు పోనిచ్చి మళ్ళీ బిగించాలి. ఆ తరవాతే పైవాడు కాలు తీయాలి. తొక్కు, వదులు. తొక్కు, వదులు. బుడగలు ఆగేదాకా అంతే.

మావకి నడుంనొప్పి. సీట్లో ఆయన కూర్చున్నాడు. చేతి బల్బు పట్టుకుని గోతిలోకి నేను దిగాను.

రేకుల మీద వాన పడుతోంది. దూరంగా వినాయకుడి మంటపం మైకు, అప్పుడప్పుడూ గాలికి వినిపించి మాయమవుతోంది. గోతిలో పాత ఆయిలు వాసన, తడిమన్ను వాసన. నా మొహానికి జానెడు ఎత్తులో కారు కడుపు.

"తొక్కు మావా!"

పైన పెడలు కిందికి దిగింది. నట్టు వదులు చేశాను. నురగ వచ్చింది. బిగించాను.

"వదులు!"

పెడలు లేచింది.

అలా పదిసార్లు చేశాం. మొదట్లో మావ "తొక్కాను" అనేవాడు, తరవాత వాన పెరిగి ఏమీ వినపడలేదు. పెడలు మాత్రం చెప్పగానే దిగుతోంది, చెప్పగానే లేస్తోంది. ఇంకా చక్కగా దిగుతోంది. మావది మోటుకాలు, ధబీమని తొక్కుతాడు. ఇది మెత్తగా... చీకట్లో మెట్టు వెతుక్కునే మనిషి పాదంలా దిగుతోంది.

"శభాష్ మావా, పెళ్ళిలో తొక్కినట్టు తొక్కుతున్నావు!"

అప్పుడు వచ్చింది వాసన.

చుట్ట వాసన. మావ చుట్ట తాగడు. దాని వెనకే ఇంకో వాసన, తియ్యగా, పొడిగా... పౌడరు.

చెయ్యి ఆగిపోయింది. చేతిలో బల్బు ఊగి, కారు కింద నీడలన్నీ ఊగాయి.

"మావా?"

వాన.

"తొక్కు" అనలేదు నేను. పెడలు దానంతటదే దిగింది. చివరి దాకా దిగి, అక్కడే ఆగింది. ఎదురుచూస్తున్నట్టు. నట్టు వదులు చేశాను. ఒక్క బుడగ రాలేదు. శుభ్రమైన ఆయిలు, సన్నని దారంలా. బిగించాను.

"వ... వదులు."

మెల్లిగా లేచింది.

షెడ్డు తలుపు చప్పుడైంది. గొడుగు దులుపుతున్న చప్పుడు. శంకరరావు మావ గొంతు... తలుపు దగ్గర్నుంచి.

"ఓరి గుంటడా, ఇంకా గోతిలోనే ఉన్నావేటి? బేగి రా, భజియాలు చల్లారిపోతాయి."

"మావా... నువ్వెప్పుడు వెళ్ళావు?"

"అరగంటయింది. చెప్పే ఎల్లాను కదరా, భజియా తెస్తాను, కూర్చో అని."

గోతిలోంచి ఎలా ఎక్కానో తెలీదు. డ్రైవరు తలుపు మూసి ఉంది. సీటు ఖాళీ. కొత్త నల్ల రబ్బరు మీద తెల్లటి పొడి... అయిదు వేళ్ళ గుర్తులు ఉన్నాయి, కింద మడమ మాత్రం లేదు. వేళ్ళ మీద నిలబడ్డ పాదం. బొటనవేలు కుడివైపు ఉంది. ఎడం పాదం.

మావ వంగి పెడలు చేత్తో నొక్కి చూశాడు. మొహం వెలిగిపోయింది. "ఒక్కడివే గాలి తీసేశావురా! రాయిలా ఉంది. ఎలా చేశావు?"

"నేను కాదు మావా. ఎవరో తొక్కారు."

"మీ తాతేనా?" అని పగలబడి నవ్వాడు. జీవితమంతా వేషాలేస్తే ఇదే వస్తుంది. నిజం చెప్పినరోజు కూడా మనకి చప్పట్లే. "ఇంక ఆపు నీ నాటకాలు. ఇదిగో తాళం. పొద్దున్నే పిన్నిని తీసుకెళ్ళాలి కదా, బండి నువ్వే ఇంటికి తోలుకుపో. వెనక స్కూటరు మీద నేనొస్తాను."

నాలుక చివరికి ఒక మాట వచ్చింది. మింగేశాను. ఆ మాట తరవాత చెప్తాను.

మావ వెనక షట్టరు వెయ్యడానికి వెళ్ళాడు. నేనూ, కారూ మిగిలాం.

టక్.

డిక్కీలోంచి.

టక్.

గొళ్ళెం ఊడదీసిన చప్పుడు, బిగించిన చప్పుడు. ఇరవై రెండేళ్ళు విన్న చప్పుడు. ఏడాదిగా వినని చప్పుడు. పారిపోవాల్సింది. అయినా నవ్వకండి... పరిగెత్తి వెళ్ళి కౌగిలించుకోవాలనిపించింది. ఏడాదిగా పర్సులో మోస్తున్న తాళంచెవి తీశాను. కన్నంలో పెట్టడానికి మూడుసార్లు పట్టింది.

డిక్కీ లేచింది.

అసిస్టెంటు అక్కడే ఉంది. నేను అడ్డంగా, మోకాలు మడిచి పెట్టాను. ఇప్పుడు నిటారుగా చాపుకుని ఉంది. తోలు పట్టీలన్నీ బకిల్స్ పెట్టి ఉన్నాయి, ఎవరో తొడుక్కున్నట్టు. లోపల చెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

చెవి పక్కనే, చుట్ట ఊపిరిలో...

"నా అసిస్టెంటు ఏడ్రా...?"

వెనక్కి తిరగలేదు. తిరిగితే ఎవరూ లేకపోతేనో అని భయం. ఎవరైనా ఉంటేనో అని కూడా.

"నేనే దాచాను తాతా" అన్నాను. "నువ్వు పాకావు. నేను చూశాను. అందరూ వెతుకుతుంటే నేనూ వెతికాను... చెప్పలేదు. నాకు చేతకాలేదు తాతా."

వాన.

"తిప్పితే చెప్తా అనరా" అంది ఆ గొంతు.

అనలేకపోయాను. డిక్కీ అంచు పట్టుకుని ఏడ్చాను.

మావ వచ్చేసరికి అసిస్టెంటుని నా చొక్కాలో చుట్టి పక్క సీట్లో పెట్టాను. చీకట్లో ఆయన చూడలేదు. నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను. తాళం తిప్పాను. బండి కదిలింది.

తోర్వా నుంచి తార్‌బహార్ దాకా ఆ దారి మీకు చెప్పగలిగింది తక్కువ. అద్దాలు పొగచూరాయి. ఎవరూ తాగని చుట్ట. గేరు రాడ్డు చేతికి అందినప్పుడల్లా షెడ్డులో మావ కదుపుతుంటే చూసినట్టు కదిపాను, వెన్నలో కత్తిలా దిగింది. మంటపం దీపాలు దాటాం. యార్డు పక్కకి వచ్చేసరికి చీకట్లో ఎక్కడో వ్యాగన్లు కలుస్తున్నాయి. ధడేల్... అని ఒక బఫరు ఇంకో బఫరుని గుద్దింది. ఆ చప్పుడుకి నా పక్కన, కాళ్ళ దగ్గర, ఏదో గజగజా వణికింది. బండి మొత్తం సన్నగా వణికింది. నలభై అయిదేళ్ళు ఆ యార్డు పక్కనే నవ్వుతూ తిరిగిన మనిషి... ఆ చప్పుడుకి భయపడతాడని మాకు ఎవరికీ తెలీదు. ఎప్పుడూ చెప్పలేదు.

"అయిపోయింది తాతా, దాటేశాం" అన్నాను, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

క్వార్టర్ ముందు మామ్మ గొడుగేసుకుని నిలబడి ఉంది. నేను దిగి, చుట్టిన చొక్కా తీసి అసిస్టెంటుని ఆవిడ చేతుల్లో పెట్టాను. మామ్మ చీరచెంగుతో దాన్ని తుడిచింది. ఎక్కడ దొరికిందని అడగలేదు. ఆవిడకి ఎప్పటి నుంచి తెలుసో నేనూ అడగలేదు. నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి బరువుకి నేను మెట్ల మీద కూలబడ్డాను.

తరవాత మామ్మ కారు వైపు చూసింది. నా వైపు కాదు... ఖాళీగా ఉన్న డ్రైవరు సీటు వైపు.

"దిగరేటి?" అంది.

పొద్దున్నే అర్పా ఇసకలో పంతులుగారి ముందు అసిస్టెంటుని నిప్పుకి ఇచ్చాం. చెక్క కాలింది, తోలు కాలింది, ఇనప గొళ్ళెం మిగిలితే నాన్న నీళ్ళలో విడిచాడు. మామ్మ అంది, "ఇంక నడుస్తారు." అందరం ఏడ్చి తేలికపడ్డాం. తాతకి కావలసింది ఇచ్చేశాం, ఇంక వెళ్ళిపోతాడు అనుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బండి నేనే తోలాను. బండిలో చుట్ట వాసన తగ్గలేదు.

శంకరరావు మావ ఇప్పటికీ షెడ్డుకి వచ్చినవాళ్ళందరికీ చెప్తాడు. "ఆ రోజు వెనకాలే స్కూటరు మీద ఉన్నాను. ఒక్క కుదుపు లేదు. ఒక్కసారి బండి ఆగిపోలేదు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న డ్రైవరు కాలురా అది! కాలంటే అది!" నేను కాలరెగరేసి నవ్వుతాను.

ఇప్పుడు ఆ మింగేసిన మాట. మావతో చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు, సిగ్గుతో చచ్చిపోతాను కాబట్టి ఇక్కడే మెల్లిగా చెప్తున్నాను. నాకు తెలిసింది తాత నేర్పిన బండి ఒక్కటే. ఆ సాయంత్రం దారి పొడుగునా నా ఎడంకాలు సీటు మీదే మడిచి ఉంది. మర్నాడు అర్పా నుంచి వచ్చేటప్పుడూ మడిచే ఉంది. నిన్న కూడా.

నాకు క్లచ్ తొక్కడం రాదు. బండి మాత్రం రోజూ తోలుతున్నాను.